కొలతల టేపుతో ఓడెక్కాను: ఏడు రాత్రుల ఫ్యామిలీ క్రూయిజ్ రివ్యూ

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ అయిదు మీటర్ల టేపు ఒకటి ఉంటుంది. చిన్న ఇళ్లకు లోపలి డిజైన్లు గీయడం నా పని. వంటగదులు, అలమరలు, పిల్లల గదిలో గోడకు మడిచే మంచాలు, ఇలాంటివి. క్రూయిజ్ టికెట్లు బుక్ చేశానని మా ఆయన చెప్పగానే నేనడిగిన మొదటి ప్రశ్న, "గది వెడల్పెంత?" అని. "సముద్రం చూడ్డానికి వెళ్తూ గది కొలతలెందుకు నీకు?" అన్నారు. ఒకే గదిలో అయిదుగురం, ఏడు రాత్రులు. మేమిద్దరం, తొమ్మిదేళ్ల అమ్మాయి, మూడేళ్లు ఇంకా నిండని చిన్నోడు, మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. కొలతలెందుకో రెండో రోజు పొద్దున్నకే ఆయనకు తెలిసొచ్చింది.

ఓడ పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. పెద్ద ఓడలను ఒకే నమూనా మీద మూడో నాలుగో వరసగా కడతారు కాబట్టి, ఒకదాంట్లో నన్ను విసిగించింది దాని తోబుట్టువుల్లోనూ విసిగిస్తుంది. కొత్త ఓడ, లక్షన్నర టన్నుల పైచిలుకు, "కుటుంబాల కోసమే డిజైన్ చేశాం" అని గట్టిగా చెప్పుకునే రకం. అంతవరకు చాలు.

ఆ టన్నుల మాట మాత్రం ముందే తేల్చేస్తాను, ఎందుకంటే బ్రోషర్ చూసి నేనూ మొదట మోసపోయాను. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ బరువు కాదు. ఓడలో గోడలూ కప్పూ ఉన్న చోటంతా కలిపి ఎంత ఘనపరిమాణం ఉందో చూసి, దాన్నుంచి లెక్కగట్టే అంకె. టైటానిక్‌కు అది 46 వేల పైచిలుకు. 2024 జనవరిలో మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌కు 2,48,663. అంటే ఇప్పటి ఓడలో చోటు అయిదింతలు దాటింది. పెరిగిన చోటు ఎవరి వాటాకు వెళ్లిందన్నదే నా గొడవ. స్లైడ్లకు వెళ్లింది, షాపులకు వెళ్లింది, థియేటర్లకు వెళ్లింది. బాత్‌రూమ్‌కు వెళ్లిందా అన్నది టేపు చెప్పాలి.

గదిలోకి వెళ్లగానే టేపు తీశాను. గోడ నుంచి గోడకు 2 మీటర్ల 84 సెంటీమీటర్లు. తలుపు నుంచి బాల్కనీ అద్దం దాకా 7 మీటర్ల 60. సుమారు 230 చదరపు అడుగులు. అందులోనే స్నానాల గది, టాయిలెట్, అలమరలు, అయిదుగురి పడకలు. పక్క గది శుభ్రం చేస్తున్న కుర్రాడిని బతిమాలి అదీ కొలిచాను. రెండు మిల్లీమీటర్ల తేడా. ఇళ్లలో పక్కపక్క గదులకు రెండంగుళాల తేడా వస్తేనే మేస్త్రి "ప్లాస్టరింగ్‌లో కలిసిపోతుందిలే అమ్మా" అంటాడు. ఇక్కడ ఇంత కచ్చితంగా ఎలా వచ్చిందంటే, ఈ గదిని ఓడలో కట్టలేదు కాబట్టి.

మాడ్యులర్ కిచెన్ ఫ్యాక్టరీలో తయారై ఇంటికొచ్చి బిగుసుకున్నట్టే ఓడ గదులూ వస్తాయి. గోడలు, పైకప్పు, బాత్‌రూమ్, పైపులు, వైర్లు అన్నీ బిగించేసిన పెట్టె అది. ఐకాన్‌ను కట్టిన ఫిన్లాండ్‌లోని తుర్కు షిప్‌యార్డుకు దగ్గర్లోనే పీక్కియో అనే చోట ఇలాంటి గదులు మాత్రమే చేసే ఫ్యాక్టరీ ఉంది. పూర్తయిన గదిని తీసుకొచ్చి, ఓడ పక్కన వదిలిన సందులోంచి లోపలికి తోసి, దాని చోటికి జరిపి, నీళ్లూ కరెంటూ గాలి గొట్టాలూ కలుపుతారు. నా పనివాళ్లయితే గోడకు అలమర బిగించేటప్పుడు పాలిష్ మీద మూడు గీతలు పెడతారు. వీళ్లు గదినే తోసుకెళ్లి గీత పడకుండా పెట్టారు. అలమర లోపల, హ్యాంగర్లు తగిలించే కడ్డీ వెనక, గది నంబరుతో సంబంధం లేని ఇంకో నంబరున్న చిన్న స్టిక్కర్ దొరికింది. ఫ్యాక్టరీ నంబరే అయి ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకున్నాను. అదే సమయంలో మా ఆయన బాల్కనీలో సూర్యాస్తమయాన్ని తీసుకుంటున్నారు.

గదులే కాదు, ఓడ కూడా అలాగే ముక్కలుముక్కలుగా పుడుతుంది. రేకులు కోసి ప్యానెళ్లు, ప్యానెళ్లు కలిపి సెక్షన్లు, సెక్షన్లు కలిపి వందల టన్నుల బ్లాకులు, వాటిని క్రేనుతో ఎత్తి డాక్‌లో ఒకదానిమీద ఒకటి. జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో మేయర్ వెర్ఫ్ట్ వాళ్లు ఇదంతా కప్పు కిందే చేస్తారు. అక్కడ పెద్ద హాలు పొడవు అర కిలోమీటరు పైనే. ఆ ఊరు సముద్రం ఒడ్డున లేదు. పూర్తయిన ఓడను ఎమ్స్ అనే చిన్న నదిలోంచి, అదీ వెనక్కి నడిపిస్తూ, సముద్రానికి తీసుకెళ్తారు. నదికి ఇటు గట్టూ అటు గట్టూ మధ్య ఓడ తప్ప ఇంకేమీ పట్టనట్టుంటుంది. ఆ వీడియోలు మా చిన్నోడికి అన్నం తినిపించడానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి.

మళ్లీ గదికి. గోడలు స్టీలు రేకువి. నిప్పు అంటుకోకూడదని ఓడల్లో ఈ నియమం కఠినంగా ఉంటుంది. స్టీలు రేకుల మధ్య రాతి ఊలు నింపిన ప్యానెళ్లు వాడతారు, చెక్కలా కనిపించేది చాలావరకు పైపొరే. గదిలో ఇస్త్రీపెట్టె వాడనివ్వరు. మాకు కలిసొచ్చిందేమిటంటే గోడలకు అయస్కాంతాలు అంటుకుంటాయి. రెండో రోజుకి షాపులో కొన్న అయస్కాంతపు కొక్కేలతో తడి బట్టలు, టోపీలు, చిన్నోడి బ్యాగు, అత్తయ్య మందుల సంచి అన్నీ గోడెక్కాయి. నేల ఖాళీ. ఇంత చిన్న గదిలో నేల ఖాళీగా ఉండటం ఎంత సుఖమో చిన్న ఇళ్లలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మరి గోడలు స్టీలువని కట్టినవాళ్లకు తెలుసు కదా, గదికి ఆరు కొక్కేలు వాళ్లే ఇవ్వచ్చు కదా!

మంచం ఎత్తు భేష్. కింద 36 సెంటీమీటర్ల ఖాళీ వదిలారు, నాలుగు సూట్‌కేసులు పడుకోబెట్టి తోసేశాం. సీలింగులోంచి దిగే పిల్లల మంచం కూడా మంచి పనితనం. మడత బందులు కిర్రుమనలేదు, రెయిలింగు గట్టిగా ఉంది, పైన కూర్చుంటే తల తగలనంత ఎత్తు ఉంది. కానీ ఆ మంచం దగ్గరున్న చదువుకునే దీపం స్విచ్చి కింద, సోఫా పక్కన పెట్టారు. రోజూ రాత్రి "అమ్మా, లైటు" అని పైనుంచి ఒక కేక. కిందున్న సోఫా బెడ్డు మీద పడుకున్న అత్తయ్య లేచి ఆర్పడం. నిచ్చెన పగటిపూట పెట్టడానికి చోటు లేదు. అలమరలో పెడితే అలమర తలుపు పడదు, కాబట్టి అది వారమంతా తెర వెనకే నిలబడింది.

ఆ తెర గురించి. పెద్దల పడకకూ పిల్లల వైపుకూ మధ్య మందపాటి తెర ఉంది. వెలుతురును ఆపుతుంది, మంచి ఆలోచన. కానీ ఏసీ మీట మా వైపుంది, గాలి వచ్చే జాలీ వాళ్ల వైపుంది. తెర వేస్తే మాకు ఉక్క, ఏసీ పెంచితే వాళ్లకు చలి. గీసినవాళ్లు తెరనూ ఏసీనీ వేరు వేరు కాగితాల మీద గీశారని నాకు అనిపించింది. ఇది నా అనుభవం నుంచి చెబుతున్నాను. నేనూ ఒకసారి ఫ్యాను కింద లాఫ్ట్ పెట్టాను.

ఈ ఓడకు నేనిచ్చే మార్కుల్లో సగం బాత్‌రూమ్‌కే వెళ్తాయి. దాన్ని రెండు చేశారు. ఒకదాంట్లో టాయిలెట్, చిన్న వాష్‌బేసిన్. ఇంకోదాంట్లో షవర్, ఇంకో బేసిన్. రెండింటికీ విడివిడి తలుపులు. 1998లో వచ్చిన డిస్నీ మ్యాజిక్ అనే ఓడలో చాలా గదులకు ఈ ఏర్పాటు ఉంది. ఇటలీలో ఫిన్‌కాంటియేరి అనే కంపెనీ కట్టిన ఓడ అది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ప్రతి ఫ్యామిలీ ఓడా ఇదే చేసి ఉండాలి, చేయలేదు. ఎందుకు చేయరంటే లెక్క సులువే. ఒక గోడ, ఒక తలుపు, ఒక బేసిన్, దానికి పైపులు ఎక్కువ. గదికి అర మీటరు పోతుంది. అర మీటరును వెయ్యిన్నర గదులతో హెచ్చించండి. కంపెనీ ఆఫీసులో ఆ అంకె చూసి ఎవరో ఒకరు కొట్టేస్తారు. మా ఓడలో కొట్టేయలేదు, వాళ్లెవరో గాని చల్లగా ఉండాలి. పొద్దున్న అయిదుగురం తయారవడానికి మొదటి రోజు 44 నిమిషాలు పట్టింది. ఇంట్లో, ఇంతకంటే మూడింతల చోటులో, గంటా పది నిమిషాలు పడుతుంది.

టాయిలెట్ తలుపు దగ్గర చిన్న గడప ఉంది, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. నీళ్లు బయటికి పారకుండా అన్నమాట. అత్తయ్య మొదటి రాత్రి తట్టుకున్నారు. పడలేదు, గోడ పట్టుకున్నారు. పట్టుకోవడానికి అక్కడ కడ్డీ లేదు. కడ్డీలు వీల్‌చెయిర్ గదుల్లోనే ఉంటాయట. ముసలివాళ్లను తీసుకొచ్చే కుటుంబాలన్నీ వీల్‌చెయిర్ గదులు తీసుకోవు కదా. షవర్లో మాత్రం కడ్డీ ఉంది. అదే కడ్డీ ఇంకోటి ఇక్కడ పెడితే ఏం పోయేది?

ఇక ఫ్లష్. ఓడ టాయిలెట్లు వాక్యూమ్‌తో పనిచేస్తాయి. నీళ్లు లీటరుకు అటూ ఇటూ, మిగతాదంతా గాలి లాగేస్తుంది. చప్పుడు ఎలా ఉంటుందంటే, చిన్నోడు మొదటిసారి విని బాల్కనీ దాకా పరిగెత్తాడు. రెండు రోజులు అటువైపు వెళ్లనన్నాడు. చివరికి అత్తయ్య "అది ఓడకు ఆకలి నాన్నా" అన్నారు. ఆ తర్వాత రోజుకి పదిసార్లు ఫ్లష్ నొక్కుతానని గొడవ. పైపులు ఓడ పొడవునా కలిసి ఉంటాయి కాబట్టి ఎవరో ఏదో బొమ్మ వేస్తే ఒక వరస గదులన్నీ ఇబ్బంది పడతాయట. మాకూ ఒక మధ్యాహ్నం గంటన్నర పాటు నీళ్లు లాగలేదు. మా చిన్నోడి బొమ్మలన్నీ నేను లెక్కపెట్టుకున్నాను. మావి కావు.

బాల్కనీ కమ్మీని కొలిచాను, 1 మీటరు 10. అమెరికాలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు ఉండాలి. సరిపోయింది. కమ్మీ కింద అద్దం, మధ్యలో కాలు పెట్టే అడ్డకడ్డీ లేదు. తలుపుకు పైన, పిల్లలకు అందని ఎత్తులో గడియ ఉంది. ఇదంతా చక్కగా ఆలోచించి, ఆ పక్కనే తేలిగ్గా ఎత్తేయగలిగే కుర్చీ రెండు, ముక్కాలిపీట ఒకటి పెట్టారు. ముక్కాలిపీటను ఆ రోజే కుర్రాడికిచ్చి తీసుకెళ్లమన్నాను.

చప్పుడు గురించి కాస్త కోపంగానే రాస్తాను. ఓడ ఇంజన్ల చప్పుడు దాదాపు లేదు. ఇప్పటి చాలా క్రూయిజ్ ఓడలకు ప్రొపెల్లర్ల కోసం పొడవాటి ఇరుసులు అక్కర్లేదు. ఎలక్ట్రిక్ మోటారునే గుండుగా చేసి ఓడ అడుగున వేలాడదీస్తారు, అది చుట్టూ తిరుగుతుంది. అజిపాడ్ అంటారు. క్రూయిజ్ ఓడల్లో 1998లో ఎలేషన్ అనే ఓడతో మొదలైంది. దానివల్ల వణుకు బాగా తగ్గింది. మా గదిలో గాజు గ్లాసులో నీళ్లు కదల్లేదు. మరి చప్పుడెక్కడిదంటే, నెత్తి మీది నుంచి. మా గది పైన పూల్ డెక్కు. పొద్దున్న అయిదున్నరకు శుభ్రం చేసేవాళ్లు వచ్చి వంద కుర్చీలు ఒక్కొక్కటే ఈడ్చడం మొదలుపెడతారు. స్టీలు నేల మీద కుర్చీ కాలు ఈడిస్తే కింద గదిలో ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. కుర్చీ కాళ్లకు రబ్బరు బుడిపెలు వేస్తే పోయే సమస్య. రిసెప్షన్లో చెప్పాను, నవ్వుతూ రాసుకున్నారు. ఏడో రోజు కూడా అయిదున్నరకే లేచాం.

కాబట్టి గది తీసుకునేటప్పుడు డెక్ ప్లాన్ చూడండి. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు ఎంచుకోండి. పైన పూల్, జిమ్, బఫే ఉంటే వద్దు, కింద థియేటర్ ఉంటే వద్దు. ప్లాన్‌లో ఏమీ రాయకుండా తెల్లగా వదిలిన చోటు పక్కన కూడా వద్దు, అది పనివాళ్ల స్టోరో సర్వీస్ లిఫ్టో అవుతుంది. పక్క గదికి దారి తలుపున్న గదులు రెండు కుటుంబాలు కలిసి వెళ్తే వరం, లేకపోతే పక్కవాళ్ల ఫోను మాటలు కూడా వినిపిస్తాయి.

మా అమ్మాయికి ఓడంటే స్లైడ్లే. నాలుగున్నాయి, నాలుగూ బాగున్నాయట, నేను ఎక్కలేదు. ఇప్పుడు ఈ పోటీ ఎక్కడిదాకా పోయిందంటే మార్డీ గ్రా అనే ఓడ మీద రోలర్ కోస్టరే కట్టారు. ఎలక్ట్రిక్ బండి, ట్రాక్ పొడవు దాదాపు 800 అడుగులు. ఐకాన్ మీద ఆరు వాటర్ స్లైడ్లు, ఏడు పూళ్లు. నాకు ఆసక్తి కలిగించింది ఆ నీళ్ల బరువు. ఘనమీటరు నీళ్లంటే ఒక టన్ను. ఓడకు పైభాగంలో బరువు పెరిగేకొద్దీ అటూ ఇటూ ఊగడం మీద భయం పెరుగుతుంది. అందుకే పై అంతస్తులకు తేలికైన అల్యూమినియం వాడతారు, పూళ్లు లోతు తక్కువగా కడతారు, సముద్రం బాగా ఎగిసిన రోజు పూళ్ల నీళ్లు వదిలేస్తారు. మా నాలుగో రోజు అదే జరిగింది. ఖాళీ పూల్ చుట్టూ వల కట్టారు. మా అమ్మాయి వల పట్టుకుని గంటసేపు అలిగింది.

పసిపిల్లల చోటు దగ్గరికొచ్చేసరికి నాకు మిశ్రమంగా ఉంది. నేపీ మానని పిల్లల్ని పెద్ద పూళ్లలోకి రానివ్వరు. ఆరోగ్య నిబంధన అది, అమెరికా రేవులకు వెళ్లే ఓడల మీద అక్కడి అధికారులు తనిఖీలు కూడా చేస్తారు. అందుకని చిన్నపిల్లలకు విడిగా ఒక నీటి చిమ్ముల చోటు కడతారు. దాని నీళ్లు పెద్ద పూల్‌తో కలవకుండా వేరే ఫిల్టర్లు ఉండాలి. మా ఓడలో అది ముచ్చటగా ఉంది. మెత్తటి రబ్బరు నేల, జారదు, మూలలన్నీ గుండ్రం. నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. చిన్నోడు వారంలో పదిహేను గంటలైనా అక్కడే ఉండి ఉంటాడు.

ఆ పదిహేను గంటలూ నేను ఎండలో నిలబడ్డాను. నీడ లేదు! కుర్చీలు నాలుగు, నాలుగూ ఎండలోనే, నాలుగూ ఎప్పుడూ నిండే ఉంటాయి. పిల్లలకోసం డిజైన్ చేసినవాళ్లు పిల్లల వెనక ఒక మనిషి ఉంటుందని మర్చిపోయారు. దగ్గర్లోని టాయిలెట్‌కు అడుగులు లెక్కపెట్టాను, 68. రెండున్నరేళ్ల పిల్లాడు "అమ్మా" అన్నాక 68 అడుగుల టైమివ్వడు. ఐకాన్‌లో సర్ఫ్‌సైడ్ అని చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఒక పేటే కట్టి, నీళ్ల ఆటలూ పెద్దలు కూర్చునే చోట్లూ తిండీ ఒక్కచోటే పెట్టారు. నేను దాన్ని ఎక్కి చూడలేదు గాని ప్లాన్ చూస్తే ఆ గీసినవాళ్లకు పిల్లలున్నారని తెలుస్తుంది. మా ఓడలో తినే చోటు రెండంతస్తుల కింద.

రెండంతస్తులంటే లిఫ్టు. లిఫ్టులంటే నాకు ఒళ్లు మండుతుంది. ఓడను నిప్పు భయంతో నిలువుగా విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగం పొడవు మామూలుగా 40 మీటర్లు, కొన్నిచోట్ల 48 దాకా. మధ్యలో నిప్పును ఆపే గోడలు, తలుపులు. మెట్లు అన్ని చోట్లా ఉన్నా జనం వాడే లిఫ్టులు ఓడ ముందొక గుంపు, వెనకొక గుంపు. సాయంత్రం షో అయ్యాక వెయ్యిమంది ఒక్కసారి బయటికొస్తే ఆరు లిఫ్టులేం చేస్తాయి? మోకాళ్ల నొప్పుల మనిషితో, స్ట్రోలర్‌తో ఒక రాత్రి 11 నిమిషాలు నిలబడ్డాం. నిండిన లిఫ్టులు మూడు మా ముందే ఆగి వెళ్లాయి. ఏ అంతస్తుకు వెళ్లాలో ముందే బయట నొక్కాలి, అప్పుడు ఏ లిఫ్టు ఎక్కాలో అక్షరం చెబుతుంది. తెలివైన ఏర్పాటే. తెర చిన్నోడికి అందే ఎత్తులో పెట్టారు, వాడు పద్నాలుగు అంతస్తులూ నొక్కేశాడు. గది బయట నడవ 1 మీటరు 20. గదులు తుడిచే బండి అడ్డముంటే స్ట్రోలర్ పట్టదు. పక్కకు ఒదగడానికి ఒక గూడు కూడా లేదు.

ప్రాణరక్షణ కసరత్తు మాత్రం బాగా చేశారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయాక, ఓడ బయల్దేరేలోపే, లేదంటే బయల్దేరిన వెంటనే ప్రయాణికులందరికీ ఈ కసరత్తు జరగాలని నియమం వచ్చింది. పిల్లల చేతికి తమ గుంపు అక్షరమున్న బ్యాండు కట్టారు. పిల్లల క్లబ్బులో ఉండగా ఏదైనా జరిగితే ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలో సిబ్బందికి తెలియడానికట. లైఫ్‌బోట్లు మా బాల్కనీకి రెండంతస్తుల కింద. నియమం ప్రకారం ఒక బోటులో 150 మందికి మించకూడదు. ప్రత్యేక అనుమతితో ఒయాసిస్ ఆఫ్ ద సీస్ అనే ఓడకు 370 మంది పట్టేవి కట్టారు. మా ఓడవి నారింజ రంగు. డిస్నీ ఓడలవి పసుపు, దానికీ విడిగా అనుమతి తీసుకున్నారు. ఎందుకంటే వాళ్ల మిక్కీ ఎలుక బూట్ల రంగు పసుపు. నవ్వొచ్చినా, కుటుంబాల ఓడ గీసేవాళ్ల పట్టుదల అంటే అదేననిపించింది. అంత పట్టుదల నీడ మీద పెట్టి ఉంటే!

ఓడ మధ్యలో వీధి ఉంది, రెండు పక్కలా షాపులు, పైన గదుల కిటికీలు వీధి వైపు. ఇది క్రూయిజ్ ఓడలు కనిపెట్టింది కాదు. 1990లో తుర్కులో కట్టిన సిల్యా సెరినేడ్ అనే ఫెర్రీలో ఇలాంటి వీధి ఉంది. అదే ఊళ్లో 1999లో కట్టిన వాయేజర్ ఆఫ్ ద సీస్‌తో క్రూయిజ్ ఓడల్లోకి వచ్చింది. 2009లో ఒయాసిస్‌కు ఏకంగా మధ్యలో ఓడను రెండుగా చీల్చి, ఆకాశం కనిపించేలా తోట పెట్టారు. లోపలి గదులకు కూడా కిటికీ దొరికింది. ఎంత పెద్దదయ్యిందంటే, తుర్కు నుంచి మహాసముద్రంలోకి పోయే దారిలో డెన్మార్క్‌లోని గ్రేట్ బెల్ట్ వంతెన కింద దూరడానికి పొగగొట్టాలు లోపలికి దించుకుంది. వేగంగా వెళ్తే ఓడ కాస్త నీళ్లలోకి దిగుతుంది, అందుకని వేగం కూడా పెంచారు. నెత్తి మీద రెండడుగుల ఖాళీతో బయటపడింది. మా ఓడలోని వీధి పగలు బాగుంది. రాత్రి పదకొండు దాకా పాటలు. వీధి వైపు కిటికీ గది తీసుకున్న ఒక కుటుంబం మా పక్క టేబుల్ వాళ్లు, వాళ్ల పాప కళ్ల కింద నలుపు చూస్తే తెలిసింది.

తిండి, షోలు, రేవుల్లో తిప్పడం, వీటి మీద రివ్యూలు కొల్లలుగా ఉన్నాయి. అన్నీ పర్వాలేదు. పిల్లల క్లబ్బు బావుంది, అమ్మాయిని తీసుకురావడానికి వెళ్తే రానని ఏడ్చింది, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ప్లగ్గుల గురించి రాయకపోతే నా వృత్తికి ద్రోహం. అయిదుగురి గదికి మొత్తం మూడు ప్లగ్గులు, పాత రకం యూఎస్‌బీ రంధ్రాలు రెండు, అన్నీ ఒకే బల్ల దగ్గర. కొత్త ఓడలో ఇదేం ఖర్మ అనుకున్నాను గాని, కొత్త అన్నది మనకే. ఐకాన్‌కు మొదటి రేకు కోసింది 2021 జూన్‌లో, చేతికిచ్చింది 2023 నవంబరులో. అంతకు ఎన్నో నెలల ముందే గీతలు ఖాయమై ఉంటాయి. గదులు ఫ్యాక్టరీలో వందలకొద్దీ ఒకే అచ్చులో వస్తాయి కాబట్టి మధ్యలో ఒక ప్లగ్గు జరపాలన్నా జరగదు. మనం ఈ రోజు మంచం మీద పడుకుని తిట్టుకునే స్విచ్చి, ఎప్పుడో ఎవరో గీసి సంతకం పెట్టిన కాగితం. నా పనిలో తప్పు చేస్తే ఒక్క ఇల్లు పాడవుతుంది. అక్కడ గీసిన మనిషి తప్పు పదిహేను వందల గదుల్లో అచ్చవుతుంది, ఆ తర్వాత వచ్చే తోబుట్టువు ఓడల్లో కూడా. దీపం స్విచ్చి గీసిన మనిషి మీద కోపం అక్కడ సగం తగ్గింది.

మార్కులంటారా, గదికి అయిదుకు నాలుగున్నర, పసిపిల్లల చోటుకు మూడు, లిఫ్టులకు ఒకటి. గదికి అర మార్కు కోసింది తెర వల్ల. పసిపిల్లలున్నవాళ్లు వెళ్లేముందు రెండు విషయాలు కంపెనీని ఫోన్ చేసి అడగండి: బాత్‌రూమ్ రెండుగా ఉందా, పిల్లల నీటి చోటు పక్కన నీడ ఉందా. మొదటిది వెంటనే చెప్పారు. రెండోదానికి నన్ను మూడుసార్లు హోల్డులో పెట్టి, "డెక్కు మీద చక్కటి ఎండ ఉంటుంది మేడం" అన్నారు.

తిరిగొచ్చిన మర్నాడు అత్తయ్య నన్ను పిలిచి, "మన బాత్‌రూమ్‌ను కూడా అలా రెండు చేయలేవా అమ్మాయ్, గడప లేకుండా" అన్నారు. టేపు తీసి కొలిచాను. గోడకు చోటుంది, తలుపుకు చోటుంది. కింది ఇంటి సీలింగులోంచి వెళ్లే పైపు ఒక్కటే అడ్డం. ఆ ఇంటాయన ఒప్పుకోవాలి. మా ఆయన్ను పంపాను మాట్లాడమని, అరగంటయింది, ఇంకా రాలేదు.